నా ఈత వయసు పదకొండేళ్లు

“ఆంటీ, మీకు ఈత వచ్చా?” అని అడిగింది కోచ్ అమ్మాయి.

“ఓ, వచ్చు. గోదావరి జిల్లా వాళ్లం. చెరువులో, కాలవలో ఈదిన వాళ్లం” అన్నాను. అనడంలో కాస్త గొప్ప కూడా ఉందనుకోండి.

“అయితే ఆ చివరిదాకా వెళ్లి రండి, చూస్తాను” అంది.

ఆ చివర అంటే పాతిక మీటర్లు. మా అపార్టుమెంటు గేటు నుంచి కొబ్బరిబోండాల బండికి ఉన్నంత దూరం. సగానికి చేరకముందే నా పని అయిపోయింది. మెడ కొంగలా పైకెత్తి, చేతులతో నీళ్లని టపటపా బాది, కాళ్లు ఎటు పోతున్నాయో తెలియక, చివరికి పక్కనున్న లేన్ తాడు పట్టుకుని వేలాడాను. గుండె దడదడలాడుతోంది. అదే సమయంలో పక్క లేన్లో అరవై దాటిన ఒకావిడ చడీచప్పుడు లేకుండా నన్ను దాటి వెళ్లారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు అవతలి గోడ తాకి, తిరిగి వస్తూ ఇంకోసారి దాటారు. ఆవిడ మొహంలో ఆయాసం లేదు. మార్కెట్ నుంచి ఇంటికి నడిచి వస్తున్న మనిషిలా ఉన్నారు.

కోచ్ అమ్మాయి నవ్వలేదు. అందుకు ఆ పిల్లకి రుణపడి ఉన్నాను. “మీకు మునగకుండా ఉండడం వచ్చు ఆంటీ. ఈత మళ్లీ మొదటి నుంచి నేర్చుకుందాం” అంది.

నాకు నలభై ఆరేళ్లు. ఆ పిల్లకి పాతిక ఉంటాయేమో. ఇంటికొచ్చి అన్నం తింటుంటే కూడా ఆ మాట గొంతులో అడ్డంపడింది. రాని విద్య నేర్చుకోవడానికి ఎవరికీ సిగ్గుండదు. వచ్చనుకున్న విద్య రాదని తెలిస్తేనే కష్టం.

ఈత, సైకిలు ఒకసారి వస్తే జన్మలో మరచిపోం అంటారు కదా. నిజమే, మరచిపోలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న తప్పులన్నీ ఒక్కటి కూడా పోకుండా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ముప్ఫై ఐదేళ్ల తర్వాత నీళ్లలో దిగీ దిగగానే అవన్నీ వరసగా బయటికొచ్చాయి.

మా ఊరు తణుకు వైపు. ఏప్రిల్ నెల మధ్యలో కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోగానీ నీళ్లు వదలరు. అంటే సరిగ్గా పిల్లలకి సెలవులున్నప్పుడే కాలవ ఎండిపోయి ఉంటుంది. అందుకని మా ఈత చదువంతా చెరువులోనే. మా మావయ్య రెండు ఎండు కొబ్బరికాయల్ని పీచుతో ముడేసి, ఆ ముడి పొట్ట కిందకి వచ్చేలా పెట్టి, నీళ్లలోకి తోసేవాడు. వారం రోజుల తర్వాత చెప్పకుండా కాయలు లాగేసేవాడు. అంతే, ఈత వచ్చేసినట్టే. మా గురుకులంలో ఇంతకంటే పాఠం లేదు.

ఆ నీళ్లలో ఎవరైనా మొహం ముంచుతారా చెప్పండి. ఒక పక్క గేదెలు, ఒక పక్క నాచు, అడుగున కాళ్లకి తగిలే బురద. అందుకని అందరం తల పైకెత్తే ఈదేవాళ్లం. గేదెలు కూడా అలాగే ఈదుతాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలీదు. చెరువులో ఆ ఈతకి వంక పెట్టాల్సిన పని లేదు. పది బారలు వెళ్లి, మెట్టు పట్టుకుని, కేకలు వేసుకుని రావడానికి అది చాలు.

అన్నయ్య ఈత అక్కడ ఆగలేదు. తర్వాతి ఏళ్లలో కాలవ అడ్డంగా దాటడం నేర్చుకున్నాడు. వంతెన మీద నుంచి దూకడం, నీళ్లలో కళ్లు తెరవడం, ప్రవాహానికి ఎదురు పోకుండా ఏటవాలుగా ఒడ్డు చేరడం, అన్నీ వాడికి వచ్చాయి. నాకు రాలేదు. ఎందుకంటే 1990లో కాలవలు వదిలిన కొత్తలో, నాకు పదకొండేళ్లప్పుడు, మా వీధిలో ఒకావిడ పోయింది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. రేవులో దుప్పట్లు జాడిస్తూ జారింది. ఒడ్డుకి నాలుగు బారలు కూడా ఉండదు. అవతలి రేవులో మనుషులున్నారు. ఒక్క కేక కూడా వినలేదని అందరూ పదేపదే చెప్పుకున్నారు. ఏదో దయ్యం నోరు నొక్కేసిందని కూడా అన్నారు.

మర్నాటి నుంచి మా ఊళ్లో ఆడపిల్లలు నీళ్ల దగ్గరికి వెళ్లకూడదు. మగపిల్లలకి ఆ నియమం లేదు. ఈత రాక ఒక ఆడమనిషి పోతే, దానికి మా పెద్దవాళ్లు కనిపెట్టిన మందు ఆడపిల్లలకి ఈత మాన్పించడం. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉందిగానీ ఆరోజు నాకేమీ అనిపించలేదు. మరుసటి ఏడు ఎలాగూ పెద్దమనిషినయ్యాను. అన్ని దారులూ సహజంగానే మూసుకుపోయాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే ఆగిపోయింది, అంతే.

కాబట్టి ఆ రోజు కోచ్ అమ్మాయి ముందు ఈదింది నలభై ఆరేళ్ల మనిషి కాదండీ. నా ఈత వయసు పదకొండేళ్లు. నా సైకిలు వయసు ఇంకో ఏడాది ఎక్కువ, ఏడో తరగతిలో ఆగింది. మీలో చాలామందికి ఇలాంటివి ఉంటాయి. గీతాల దాకా వచ్చి ఆగిన సంగీతం, పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి మాత్రమే మిగిలిన వీణ. మనం వాటిని “వచ్చు” అనే లెక్కలోనే రాసుకుంటాం.

ఇంతకీ నేను కొలనులో ఎందుకు దిగానో చెప్పలేదు. దిగాలన్న కోరిక నాకేం లేదు. ఆరేళ్లుగా మా అమ్మాయిని వేసవి శిక్షణకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చునే అమ్మల్లో నేనూ ఒకదాన్ని. మీరు ఏ ఊళ్లో ఏ ఈతకొలను దగ్గరికి వెళ్లినా ఈ బెంచీ కనిపిస్తుంది. ఒళ్లో తువ్వాలు, పక్కన బిస్కెట్ల డబ్బా, చేతిలో ఫోను. “తల ముంచు, కాళ్లు ఆడించు” అని గట్టు మీద నుంచి ఉచిత సలహాలు. పిల్లల ఫీజు కడతాం, వాళ్లకి గాగుల్స్ కొంటాం, పోటీల్లో ఫొటోలు తీస్తాం. మనం దిగొచ్చన్న ఆలోచనే రాదు. సినిమా హాలు బయట టిక్కెట్లు చింపే మనిషిలా జీవితమంతా గుమ్మం దగ్గరే.

పోయిన ఏడాది మా అమ్మాయికి పదమూడు వచ్చింది. “ఇక నేను వెళ్లనమ్మా” అంది. ఎండకి నల్లబడిపోతున్నానంది. నెలసరి రోజుల్లో చిరాకంది. కాస్ట్యూమ్‌లో అందరూ చూస్తున్నట్టుంటుందంది. అత్తయ్యగారు వెంటనే, “వచ్చింది కదా, చాల్లే. పెద్దపిల్లయ్యాక ఇంకా ఎందుకు” అన్నారు. నేను కూడా సరేననబోయాను. నోటిదాకా వచ్చింది. అప్పుడు వినబడింది ఆ “చాల్లే” అన్న మాట. మా అమ్మ గొంతులో విన్న మాటే.

దానికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నా చిన్నతనం, చెరువు, కాలవ, పిన్ని, అన్నీ చెప్పాను. అంతా విని అది ఒక్కటే అంది: “నువ్వు దిగవు కదమ్మా. నల్లబడేది నేను, నువ్వు కాదు.”

జవాబు లేదు. వారం తిరిగేసరికి ఫారం నింపి ఫీజు కట్టాను. మావారితో “నాది రెండో ఈత” అన్నాను. ఆయన పేపరు దించి, “పశువుల సంతలో మాటలా ఉంది” అన్నారు. తెలుగులో ఈదడమూ ఈతే, పశువు ఈనడమూ ఈతే. మూడేళ్లు బీఏ తెలుగు చదివిన దానికి ఆ మాట ముందు తట్టలేదు, బ్యాంకు ఉద్యోగం చేసే ఆయనకి తట్టింది.

లేడీస్ బ్యాచ్ గురించి రెండు మాటలు చెప్పాలి. మేం వెళ్లే కొలను గేటు దగ్గర సమయాల బోర్డు ఉంటుంది. పొద్దున్న అయిదు నుంచి పది దాకా జనరల్. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా జనరల్. ఆడవాళ్లకి పదకొండు నుంచి పన్నెండు. పైన కప్పు లేని కొలను, నడినెత్తిన సూర్యుడు. జనరల్‌లో మేమూ రావచ్చు, ఎవరూ ఆపరు. కానీ నలభై మంది మగవాళ్లు నీళ్లు చిమ్ముకుంటూ ఉండే చోట కొత్తగా నేర్చుకునే ఆడమనిషి దిగుతుందా? ఇదేమిటండీ అని అడిగితే, అక్కడి బాధ్యుడు “లేడీస్ ఎక్కువ మంది రావట్లేదు మేడం, అందుకే ఒక్క గంట” అన్నాడు. ఎవరికీ అక్కర్లేని గంట ఇచ్చి, రావట్లేదని లెక్క రాసుకుంటే లెక్క ఎప్పటికీ సరిపోతూనే ఉంటుంది. మేం ఎనిమిది మంది సంతకాలు పెట్టి పొద్దున్న ఒక గంట అడిగాం. ఇంకా చూస్తున్నారట.

బట్టల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండే కాస్ట్యూములు దొరుకుతాయి. కాళ్లూ చేతులూ పూర్తిగా కప్పేవీ ఉన్నాయి. నూలు చుడీదార్‌తో దిగుదామనుకోకండి. నూలు నీళ్లు తాగి బరువెక్కి కిందకి లాగుతుంది. జుట్టుకి ముందే మంచినీళ్లు పోసి తడిపి, కాస్త కొబ్బరినూనె రాసి టోపీ పెట్టుకుంటే క్లోరిన్ నీళ్లు అంతగా పట్టవు. గుండె జబ్బో, బీపీనో ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే దిగాలి. నల్లబడతామా అంటే, నల్లబడతాం. నేను పడ్డాను. మా ఆడపడుచు ఫంక్షన్లో చూసి “ఏంటి వదినా, ఆరోగ్యం బాలేదా” అంది.

ఇక అసలు ఈత.

మొదటి రోజు పాఠం, తల దించడం. “కొలను అడుగున ఆ నల్ల గీత ఉంది కదా ఆంటీ, దాన్ని చూడండి. ముందుకు చూడకండి” అంది. తల దించుకు నడవమని ఆడపిల్లలకి ఊహ తెలిసినప్పటి నుంచి చెప్పే దేశంలో పుట్టి, నీళ్లలో తల దించమంటే నా వల్ల కాలేదు. మెడ దానంతట అదే లేచిపోతుంది. ముందేముందో చూడాలి కదా మరి. గేదెలొస్తే?

దీనికో లెక్క ఉంది. మనిషి ఒంట్లో తేలేది ఛాతీ, అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది కాబట్టి. కాళ్లు బరువు. ఇది మా ఊరి ఏతాంలాంటిది. ఒక కొన లేస్తే రెండో కొన దిగుతుంది. తల నీళ్ల పైకి ఎత్తగానే నడుము, కాళ్లు కిందకి జారతాయి. ఒళ్లు పడవలా పడుకోవాల్సింది పోయి గుంజలా నిలబడుతుంది. అప్పుడు ఎంత కొట్టుకున్నా ముందుకు పోం, ఆ గుంజతో నీళ్లని నెట్టుకుంటూ పోవాలి. నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. నేలమీద నడిచేటప్పుడు మన ఆకారం ఎలా ఉన్నా గాలి ఏమీ అనదు. నీళ్లు ప్రతి వంకరకీ జరిమానా వేస్తాయి. మా కొలనులోనే చూశాను, కండలు తిరిగిన కుర్రాళ్లు రెండు ల్యాపులకి ఒగరుస్తుంటారు. ఆ అరవై దాటిన టీచరమ్మ పది పూర్తి చేస్తారు. అడవిలో అంత బలమున్న గజేంద్రుడు మడుగులో ఎందుకు నీరసపడ్డాడో ఆవిడని చూశాక నాకు బాగా అర్థమైంది.

రెండో పాఠం ఊపిరి. ఇది నాకు మూడు వారాలు పట్టింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మొహం నీళ్లలో పెట్టగానే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. కురుక్షేత్రం చివర్లో దుర్యోధనుడు మడుగులో జలస్తంభన చేశాడే, సరిగ్గా అలా. అలా నాలుగు చేతులు వేసేసరికి ఛాతీ పగిలిపోతున్నట్టుండేది. తల ఎత్తి, ముందు లోపలున్న గాలి వదిలి, తర్వాత కొత్త గాలి పీల్చాలి. ఈ రెండు పనులకీ ఉన్నది అరసెకను. ఆ హడావుడిలో సగం నీళ్లు మింగడమే.

“గాలి చాలక కాదు ఆంటీ, లోపలి గాలి వదలక మీకు ఆయాసం” అంది ఆ పిల్ల. తర్వాత చదివితే అది నిజమే. ఊపిరి బిగబట్టినప్పుడు మనకి కలిగే ఉక్కిరిబిక్కిరి చాలావరకు లోపల పేరుకుపోయిన బొగ్గుపులుసు వాయువు వల్ల. ఆక్సిజన్ ఇంకా ఉన్నా శరీరం గోల పెడుతుంది. మందు తేలిక. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కులోంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. నోరు పైకి వచ్చేసరికి లోపల ఖాళీగా ఉంటుంది, గాలి దానంతట అదే వెళ్తుంది.

తేలికే, కానీ చెయ్యాలి కదా! గోడ పట్టుకుని కిందకి దిగడం, బుడగలు వదలడం, లేచి పీల్చడం. ఇరవై సార్లు. మళ్లీ ఇరవై సార్లు. పక్కన అయిదేళ్ల పిల్లలు చేసే పాఠం. ఇంట్లో కూడా బేసిన్లో నీళ్లు పోసుకుని చేశాను. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ ఏమీ అనకపోవడం ఎలాంటిదో కోడళ్లకి చెప్పక్కర్లేదు.

పిల్లలకీ మనకీ తేడా నాకు అక్కడే తెలిసింది. పిల్లలకి కారణం తెలియదు, ఒళ్లు నమ్మేస్తుంది. మనకి కారణం మొత్తం తెలుసు, ఒళ్లు నమ్మదు. బుడగలు వదలాలి అని బుర్ర చెబుతూనే ఉంటుంది, ఛాతీ బిగుసుకునే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని బిగుసుకుని ఉన్న ఒళ్లు నీళ్లలో దిగగానే ఎందుకు వదులవుతుంది? పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లకి సత్తువ కంటే ముందు ఇదే అడ్డం. ఒకరోజు ఎందుకో, ఇంట్లో ఎవరితోనో గట్టిగా పోట్లాడి వెళ్లిన రోజు, బుడగలు వాటంతట అవే వచ్చేశాయి. లోపలిదంతా నీళ్లకి చెప్పేసినట్టు. కోచ్ అమ్మాయి “అదీ!” అని అరిచింది.

ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటే దారిలోకి వచ్చాయి. ఊపిరి కోసం తల ఎత్తకుండా ఒళ్లంతా పక్కకి ఒరిగి, ఒక కన్ను నీళ్లలోనే ఉంచి నోటి మూలతో పీల్చడం. కాళ్లు మోకాళ్ల దగ్గర తొక్కకుండా తుంటి నుంచి ఆడించడం. పాదం చాచి ఉంచాలంటే చీలమండలు వదులవ్వాలి, దానికి ఇంట్లో వజ్రాసనంలో కూర్చుంటే మంచిది. చెయ్యి ముందుకు చాచాక వెంటనే లాగెయ్యకుండా ఒక్క క్షణం అలా జారనివ్వడం. అన్నిటికంటే ఈ ఆఖరిది నాకు కష్టం. చేతిలో పని లేకుండా ఒక్క క్షణం ఉండడం నాకు నేలమీదే రాదు.

కోచ్ నాకు ఒక లెక్క ఇచ్చింది. ఎంత వేగంగా వెళ్లావని చూడొద్దు, పాతిక మీటర్లకి ఎన్ని చేతులు వేశావో లెక్కపెట్టు అంది. మొదటిసారి ఆగకుండా అవతలి గోడ తాకిన రోజు నలభై ఒకటి. నెల తర్వాత ముప్ఫై మూడు. తర్వాత ఆరు వారాలు ముప్ఫై మూడే. ఎంత చేసినా కదల్లేదు. మానేద్దామనుకున్నాను. అప్పుడు టీచరమ్మ, మామూలుగా ఎక్కువ మాట్లాడరు, గట్టున తల తుడుచుకుంటూ, “నేను యాభై ఎనిమిదిలో మొదలుపెట్టానమ్మా, రిటైరయిన నెలలో. మోకాళ్ల నొప్పికి డాక్టరు పంపితే వచ్చాను. మొదటి ఏడాది గోడే వదల్లేదు” అన్నారు. ఆవిడ నన్ను ఓదార్చడానికి అన్నారో, ఊరికే చెప్పారో తెలీదు. మర్నాడు వెళ్లాను.

“ఈ వయసులో ఇదంతా ఎందుకు, నడక చాలదా” అని అడుగుతారు. మావారే అడిగారు. నడక మంచిదే, నడుస్తూనే ఉన్నాను. కానీ వెనకటి వయసులో ఆపేసినదాన్ని ఇప్పుడు కొనసాగిస్తే ఏం వస్తుందని అడగడానికీ, ఆరోజు ఆపడానికి ఎవరూ కారణం అడగకపోవడానికీ మధ్య నాకు పేచీ ఉంది. ఆపడానికి అక్కర్లేని కారణం, మొదలుపెట్టడానికి ఎందుకు కావాలి?

గోలి శ్యామల గారి పేరు మీరు వినే ఉంటారు. 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా, దాదాపు 30 కిలోమీటర్లు, 14 గంటలకు కాస్త తక్కువ సమయంలో ఈదారు. అప్పటికి ఆవిడ కూడా నలభైల చివర్లో ఉన్నారు. నీళ్లంటే భయపడుతూ, నలభై దాటాకే ఈత మొదలుపెట్టారు. తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా కూడా సముద్రంలో వచ్చారు. ఆవిడ గురించి చదివి మా బ్యాచ్‌లో ఒకామె “అమ్మో, మనవల్ల ఎక్కడవుతుంది” అని ఇంకా నీరసపడింది. పెద్ద ఉదాహరణలతో వచ్చే చిక్కు ఇదే. నాకు సముద్రం అక్కర్లేదు. ఆవిడకి కూడా ఎప్పుడో ఒకరోజు బుడగలు వదలడం రాక తాడు పట్టుకుని వేలాడిన ఘడియ ఉండే ఉంటుందని నేను ఊహించుకుంటాను. నాకు పనికొచ్చేది ఆ ఘడియ.

ఇంకొకటి ఉంది. కొంచెం బరువైన విషయం.

మా పిన్ని కేక వెయ్యలేదని చెప్పాను కదా. దయ్యం నోరు నొక్కలేదండీ. మునిగిపోయే మనిషి అరవలేదు. నోరు నీళ్ల పైకి వచ్చే ఆ కాస్త క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి ఉండదు, ఇంక కేకెక్కడ? చెయ్యి ఎత్తి ఊపలేదు కూడా, చేతులు నీళ్లని కిందకి నొక్కుతూ ఉంటాయి. సినిమాల్లోలాగా కేకలూ చప్పుడూ ఉండవు. నిశ్శబ్దంగా నిలువునా దిగిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది ఇలా పోయారు. దీనికోసం ఐక్యరాజ్యసమితి జూలై 25ని ఒక రోజుగా కేటాయించింది కూడా. నాకు ఇది నలభై ఆరేళ్లకి తెలిసింది. రేవుకి నాలుగు బారల దూరంలో ఏం జరుగుతుందో మా ఊళ్లో ఒక్కరికి తెలిసి ఉన్నా, అవతలి రేవులో వాళ్లు తల తిప్పి చూసేవారేమో.

బాగా ఈత వస్తే అందరినీ కాపాడేస్తామని నేననను. ఆ మాట ప్రమాదం కూడా. మునిగే మనిషి దగ్గరికి ఈదుకుంటూ వెళితే మన మెడ పట్టుకుంటారు. కర్ర చాచాలి, తాడు విసరాలి, ఏదీ లేకపోతే చీర. 2020 ఆగస్టులో తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యాం దగ్గర ముగ్గురు ఆడవాళ్లు ఒంటి మీది చీరలు విప్పి విసిరి ఇద్దరు కుర్రాళ్లని ఒడ్డుకి లాగారు. ఇంకో ఇద్దర్ని దక్కించుకోలేకపోయారు. ఆ వార్త చదివినప్పుడు చాలాసేపు మా పిన్ని చీరే కళ్లముందు తిరిగింది. కాళ్లకి చుట్టుకుని ఆవిడని లోపలికి లాగింది కూడా అయిదున్నర గజాల అదే గుడ్డ.

అందుకని నా పేచీ “వచ్చులే, చాల్లే” అన్న మాటతో. పది బారల ఈత వచ్చిన పిల్లని ఇక చాలని గట్టెక్కించకండి. ఈతకు మించిన లోతు లేదని సామెత ఉంది. నిజమేగానీ, అది ఈత ఎంత బాగా వచ్చన్న దాని మీద కూడా ఉంటుంది. నాలాంటి సగం ఈతకి ఆరడుగుల లోతు కూడా మించినదే. పైగా సగం ఈత వచ్చినవాళ్లకి ధైర్యం మాత్రం పూర్తిగా ఉంటుంది. నేను ఏ నదిలోనో సరదాగా దిగి ఉంటే ఏమయ్యేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కొలనులు అందరికీ అందుబాటులో లేవని తెలుసు. చాలా ఊళ్లలో ఆ పదకొండు గంటల ఎండ కూడా లేదు. ఫీజు తక్కువేం కాదు, నేను చీటీ డబ్బుల్లోంచి తీశాను. కానీ ఉన్నచోట కూడా బెంచీలే నిండుతున్నాయి. మొన్న ఒక ఆదివారం లెక్కపెట్టాను. నీళ్లలో ఆడవాళ్లం తొమ్మిది మందిమి, బెంచీ మీద పదహారు మంది. అందులో ఒకామె నన్ను పిలిచి, “మీకు భయం వెయ్యలేదా అండీ” అని మెల్లగా అడిగింది. వేసిందన్నాను. “నాకు చిన్నప్పుడు వచ్చేది” అంది. ఏ ఊరని అడిగాను. అమలాపురం దగ్గరట. కొబ్బరికాయలు కట్టుకుని నేర్చుకుందట. ఎన్నేళ్లప్పుడు మానేశారని అడిగితే కాసేపు ఆలోచించి, “మానెయ్యలేదే... ఎలా ఆగిందో మరి” అంది.

మా అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. అది మళ్లీ ఈతలో చేరలేదు. నేను దిగగానే పరిగెత్తుకొచ్చి దూకుతుందని ఊహించుకున్నానుగానీ, పిల్లలు మన కథలకి తగినట్టు నడుచుకోరు కదా. బ్యాడ్మింటన్ అంటోంది ఇప్పుడు. ఆదివారాలు మాత్రం నాతో వస్తుంది. బెంచీ మీద నా తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఫోను చూస్తూ కూర్చుంటుంది. చూడట్లేదనే అనుకునేదాన్ని.

పోయిన వారం గోడ తాకి లేచి, ఎన్ని చేతులు వేశానో మధ్యలో లెక్క మరచిపోయి నిలబడ్డాను. ఫోను మీద నుంచి తల ఎత్తకుండానే “ఇరవై ఎనిమిది” అంది. “పద్నాలుగో దగ్గర తల ఎత్తావు. అది లేకపోతే ఇరవై ఏడు.”

గాగుల్స్ సర్దుకుని మళ్లీ వెళ్లాను.